గటక ఉడికినంతసేపు

పన్నెండూ ఐదుకు వంటింట్లో జల్లెడ చప్పుడు మొదలైంది. మట్టయ్య అరచేత్తో జల్లెడ అంచును కొడుతున్నాడు, మూడు దెబ్బలు, ఆగి మళ్లీ మూడు. ముందు గదిలో మంచం మీద కూర్చుని అతని భార్య ముత్తమ్మ లెక్కపెడుతోంది. ఇంతవరకు తప్పు లేదు, గిర్నీలో పట్టించిన జొన్నల్లో రవ్వా పిండీ కలిసే వస్తాయి, జొన్న సంకటే గటక, అది చేయాలంటే రెంటినీ విడదీయాలి, ఆ సంగతి మనిషికి తెలిసింది. ఎవరు చెప్పారో. ఫోన్లో చూసి ఉంటాడు. ఆమె కుడి చేయి మోచేతి నుంచి వేళ్ల దాకా ప్లాస్టర్లో ఉంది, దాని కింద దిండు ఉంది, దిండు కింద ఉతికిన చీరలు నాలుగు, సంచిలో పెట్టడానికి తీసినవి, ఇంకా పెట్టలేదు. పెట్టాలో వద్దో ఒంటి గంటకు తేలుతుంది. కూతురు అరుణజ్యోతి మియాపూర్‌లో మెట్రో ఎక్కానని ఇప్పుడే ఫోన్ చేసింది, ఎల్‌బీ నగర్‌లో దిగి ఇంటికి నడిచి రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో మట్టయ్య ఒక్కడే వంట చేయాలి. కూతురు తిని సరే అంటే ముత్తమ్మ ఇక్కడే ఉంటుంది, కాదంటే సాయంత్రం అదే మెట్రోలో మియాపూర్ పోవాలి, కట్టు విప్పేదాకా, ఆరు వారాలు.

ఈ షరతు శుక్రవారం నాడు ఫోన్లో పెట్టింది. అమ్మను తీసుకుపోతానంటే మట్టయ్య నేను లేనా అన్నాడు, నువ్వున్నవు నాయినా, వంటెవరు చేస్తరు అంది పిల్ల, నేనే చేస్త అన్నాడు, ఆ మాటకు అటు అల్లుడు సాయినాథ్ కూడా నవ్వడం వినిపించింది. నలభై రెండేళ్ల పిల్ల, బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూస్తుంది, ఇంట్లో కూడా అలాగే మాట్లాడుతుంది. ఒక్క పూట చెయ్యి, ఆదివారం ఒస్త, తిని చూస్త అంది. ఆ తర్వాత స్పీకర్ పెట్టించి ముత్తమ్మతో చెప్పింది.

"అమ్మా, నువ్వు నోరు మెదపొద్దు. వంట సంగతి ఒక్క మాట చెప్పినా నాయిన ఓడినట్టే. చెప్పిందీ లేందీ నిన్నే అడుగుత, నువ్వు అబద్ధం ఆడవు, నాకు తెలుసు."

ఆడదు. అదే ఇప్పుడు ఇబ్బంది. మియాపూర్‌లో ఆమెకు ఏ లోటూ ఉండదు, అల్లుడు ఆఫీసు నుంచి రాగానే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, అత్తమ్మా ఏం తిన్నరు అని అడుగుతాడు, పదకొండో అంతస్తు, కిటికీ తీస్తే గాలి, అన్నీ ఉంటాయి. ఇక్కడ మట్టయ్య ఒక్కడవుతాడు. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం గటకో కొర్ర అన్నమో, రాత్రి జొన్న రొట్టె, మూడేళ్లుగా ఇది తప్పలేదు, షుగరు మూడు వందల పది నుంచి నూట నలభైకి దిగింది, దిగాక కూడా తప్పలేదు. ఆమె లేకపోతే చౌరస్తా దగ్గర మెస్సుకు పోతాడు, పరోటా తింటాడు, తినలేదంటాడు. అది ఒక కారణం, కూతురికి చెప్పిన కారణం. చెప్పనిది ఏమిటంటే ఆమెకు పోవాలని లేదు. ఈ రెండు గదులు, ఈ మంచం, సాయంత్రం నాలుగైతే కిటికీ ఊచల నీడ గోడ మీద క్యాలెండర్ దాకా రావడం, అతను ఆ టైముకు చెప్పులు వేసుకుని ఎక్కడికో చెప్పకుండా పోయి తోటకూర కట్టతో రావడం. దీనికి కారణమని పేరు పెట్టి పిల్లకు చెప్పడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు, అందుకని షుగరు పేరు చెప్పింది.

జల్లెడ ఆగింది. కొళాయి తిప్పాడు. గిన్నెలో నీళ్లు పడుతున్నాయి, అడుగున చప్పుడు తగ్గేదాకా విన్నది, నాలుగు గ్లాసులు, ఐదు, ఆరు, ముగ్గురికి సరిపోతాయి. ఇప్పుడు పొయ్యి వెలిగించాలి, ఎసరు మరగాలి, మరగడమంటే గిన్నె అడుగున గులకరాళ్లు దొర్లిన చప్పుడు రావాలి, అప్పుడు కడిగిన రవ్వ పోయాలి, అది విచ్చుకున్నాక చివరికి పిండి. మునుగోడు దిక్కు వాళ్లందరూ ఇట్లాగే చేస్తారు. ముత్తమ్మ తల్లి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని తెడ్డు కూతురి చేతికిచ్చి, ఎసరు మరగకముందు రవ్వ పోసినవో ముద్ద కడతది, నీ మొగడు నా పేరు తీస్తడు అనేది. పెళ్లికి ఇంకా రెండేళ్లుంది అప్పటికి, మొగుడెవరో తెలియదు, ఎవరో ఒకడు గటక నోట్లో పెట్టుకుని తన తల్లిని తిడతాడని ఆ రెండేళ్లూ అనుకునేది. మట్టయ్య ఎవరినీ తిట్టలేదు. ఏది పెడితే అది తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, డ్యూటీకి పోయాడు. హయత్‌నగర్ డిపోలో ముప్పై మూడేళ్లు బస్సు నడిపాడు, ఏ రూటు వేసినా అదీ అలాగే, ఇది వద్దు అది కావాలి అన్న మనిషి కాదు.

పిండి పడిన చప్పుడు. ఆమె మెడ తిప్పింది. రవ్వ పడితే సన్నగా గలగలమంటుంది, ఇది అలా లేదు, మెత్తగా పడింది, పిండే. చల్లనీళ్లల్లో పిండి. పొయ్యి ఇంకా వెలగనే లేదు. ఆ తర్వాత పప్పుగుత్తి రెండు అరచేతుల మధ్య తిరుగుతున్న చప్పుడు వచ్చింది, గిన్నె అంచుకు తగిలి టకటకమంటోంది. తలకిందులుగా మొదలుపెట్టాడు, ముందు వేయాల్సింది చివరికి, చివరికి వేయాల్సింది ముందు. నోరు తెరిచింది, మూసింది. చెబితే ఓడినట్టే, చెప్పకపోతే గటక ఓడుతుంది, రెండు దారులూ మియాపూర్‌కే. దగ్గింది. పప్పుగుత్తి ఆగింది.

"ఏమే, దగ్గుతున్నవా, చెప్తున్నవా?"

"దగ్గొచ్చింది."

"పిల్లొచ్చినంక దగ్గు. ఇప్పుడు దగ్గినా లెక్కనే."

లైటరు రెండుసార్లు నొక్కాడు. మూడోసారికి వెలిగింది. ఆమె ఎడమచేత్తో మోకాలు పట్టుకుని కూర్చుంది. ఈ ఎడమచేయి పది రోజులుగా కొత్త పనులు నేర్చుకుంటోంది, పళ్లు తోముకోవడం, కొంగు సర్దుకోవడం, జడ మాత్రం రాలేదు, జడ మట్టయ్య వేస్తున్నాడు, మూడు పాయలు సమంగా తీస్తాడు, చివర రబ్బరు బ్యాండు ఐదు చుట్లు చుడతాడు, విప్పేటప్పుడు వెంట్రుకలు వస్తాయి. పది రోజుల కింద దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగుతూ పడింది. ఎవరి తప్పూ లేదు. కుడిచేతిలో ఐదు కిలోల కొర్రల సంచి ఉంది, కాలు జారినప్పుడు సంచి వదిలేసి పక్కనున్న కమ్మీ పట్టుకుంటే సరిపోయేది, వదల్లేదు, చేయి సంచితో సహా మెట్టుకు తగిలింది. దవాఖానలో డాక్టరు ఎందుకు వదల్లేదమ్మా అని అడిగితే, కొర్రలు ఒలికితే ఎవరెత్తుతరు సారూ అంది. ఎక్స్‌రే తీసే పిల్ల నవ్వింది. ఒక్క గింజ ఒలకలేదు, ఆ మాట నిజం. ఆ కొర్రలు వంటింట్లో పై అరలో ఉన్నాయి, రాత్రి నానబెట్టి పొద్దున వండితే ఒక్కో గింజ విడిగా ఉంటుంది, నానబెట్టకపోతే కడుపులో రాయిలా ఉంటుంది, ఇది కూడా అతనికి తెలిసి ఉండదు, ఆరు వారాల్లో ఎన్ని తెలియాలి.

తలుపు దగ్గర గాజుల చప్పుడు. పైన ఉండే ఇంటామె కోటేశ్వరమ్మ, తెనాలి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఇంకా అక్కడి మాటే. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చింది. గొంతు తగ్గించి, అన్నయ్యగారు వంటింట్లో ఉన్నారంట కదా అని అడిగింది. షరతు సంగతి ఆమెకు తెలుసు, ఈ గల్లీలో అందరికీ తెలుసు, మట్టయ్యే చెప్పుకున్నాడు.

"వదినగారూ, నేను పప్పుచారు, అన్నం, బెండకాయ వేపుడు కిందికి దించేస్తానండీ. వెనక తలుపు నుంచి ఇస్తాను. అమ్మాయి తింటుంది, సరే అంటుంది, మీరిక్కడే ఉంటారు. అబద్ధం చెప్పే పనేం లేదు. ఎవరు వండారని మిమ్మల్ని అడగదు కదా, మీరు చెప్పారా లేదా అనే కదా అడిగేది."

ముత్తమ్మ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో కన్నం కనిపించలేదు. కోటేశ్వరమ్మ పప్పుచారు బాగుంటుంది, పిల్లకు ఇష్టం, ఒక్క తల ఊపు చాలు. వంటింట్లో తెడ్డు తిరుగుతోంది, ఆపకుండా, ఒకే వేగంతో, హయత్‌నగర్ నుంచి కోఠి దాకా గేరు మార్చకుండా పోతున్నట్టు. ఆ మనిషి చొక్కా విప్పి బనియన్‌తో నిలబడి ఉంటాడు, పొయ్యి ముందు చెమట పట్టి ఉంటుంది. పైనుంచి వచ్చిన గిన్నె చూస్తే ఏమీ అనడు, తను వండింది పక్కన పెడతాడు, చేయి కడుక్కుంటాడు.

వద్దమ్మా అంది. ఆయన ఒండనీ అంది. కోటేశ్వరమ్మ మీ ఇష్టమండీ అని, పోతూ పోతూ గుమ్మంలో ఆగి, పప్పుచారు మాత్రం పక్కన పెట్టి ఉంచుతానులెండి అంది.

పన్నెండున్నర దాటింది. నాదర్‌గుల్ నుంచి శిక్షణ విమానం ఒకటి ఇంటి మీదుగా తిరుగుతోంది, ఆదివారాలు కూడా తిప్పుతారు, అది మీదికి వచ్చినంతసేపూ వంటింటి చప్పుడు వినపడదు. ఆమెకు కోపం వచ్చింది, ఆ విమానం నడిపే పిల్లగాడి మీద, వాడికేం తెలుసు కింద ఒక మనిషి రవ్వ పడిందా లేదా అని వింటోందని. చప్పుడు దూరమైంది. అప్పటికి రవ్వ పడిపోయినట్టుంది, తెడ్డు బరువుగా తిరుగుతోంది, అడుగు గీరుతోంది. ఈ వేళకు మంట తగ్గించాలి. తగ్గించాడా. పొయ్యి చెవి తిప్పిన చప్పుడు విన్నదా లేదా, విమానం మింగేసింది. మాడితే వాసన వస్తుంది. ముక్కుతో విన్నది. మాడు వాసన కాదు, పులుపు. నిన్నటి మజ్జిగ. ఉడికేటప్పుడు మజ్జిగ పోశాడు. మజ్జిగ పోసుకోవాల్సింది తినేటప్పుడు, పళ్లెంలో, ఉడికేటప్పుడు పోస్తే విరుగుతుందని చిన్నపిల్లకు కూడా తెలుసు. దాని వెనకే ఇంకో వాసన వచ్చింది, వాము, నలిపి వేసిన వాము. గటకలో వాము ఎవరన్నా వేస్తారా. తప్పుల మీద తప్పులు, పిండి ముందు, మజ్జిగ లోపల, పైన వాము. ఆమె దిండు కింద నుంచి చీరలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నాలుగు సరిపోతాయా, అక్కడ వాషింగ్ మెషిన్ ఉంది, సరిపోతాయి. పిల్లను నిందించడానికి లేదు, పిల్ల తల్లిని చూసుకుంటానంటోంది, ఊళ్లో ఎంతమంది అంటున్నారు అలా. చీరల మడతలు ఎడమచేత్తో సరిచేసింది. ఫోన్ మోగింది, దిల్‌సుఖ్‌నగర్ దాటిన, ఆకలైతుంది అని చెప్పి పెట్టేసింది అరుణజ్యోతి.

వంటింట్లో పొయ్యి ఆగింది. అంత తొందరగా ఎందుకు ఆపాడో అనుకుంటుండగా కొళాయి మళ్లీ తిరిగింది. నీళ్లు గుడ్డ మీద పడుతున్నాయి, తొట్టిలో కాదు, ఆ చప్పుడు వేరు. గుడ్డ పిండాడు, నీళ్లు తొట్టిలో పడ్డాయి, ఇంకోసారి పిండాడు. తర్వాత గిన్నె మూతి మీద ఆ తడిగుడ్డ పరిచిన చప్పుడు, చప్పుడంటే అంత లేదు, వేడి గిన్నెకు తడి తగిలి సుయ్యిమంది, అంతే. దాని మీద మూత. ఆ తర్వాత ఏమీ లేదు. అతను కదలడం లేదు, నిలబడి చూస్తున్నాడు.

ముత్తమ్మ ఎడమచేయి చీరల మీద ఆగిపోయింది. గటక దించి తడిగుడ్డ కప్పి వదిలేసేవాళ్లను ఆమె జన్మలో ఒక్కరినే చూసింది. హయత్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్న కొత్తలో, ఆ గదిలో ఒక మూల పొయ్యి ముందు, అత్త కిష్టమ్మ. దేవరకొండ దిక్కు మనిషి. చల్లనీళ్లల్లో పిండి కలిపి పొయ్యి ఎక్కించేది, అది పలచగా జావ అయ్యాక అందులో రవ్వ పోసేది, పుల్ల మజ్జిగ పోసేది, వాము నలిపి వేసేది, దించి తడిగుడ్డ కప్పి, జర నిమ్మళపడనీ అనేది, ఎవరు ఆకలని ఏడ్చినా మూత తీసేది కాదు. ముత్తమ్మ కొత్తగా వచ్చిన మూడు నెలలు అది తిన్నది. పులుపు గొంతులో ఆగేది. నాలుగో నెలలో ఒకరోజు తన తల్లి తీరున తానే వండింది, చెప్పకుండా. కిష్టమ్మ తిన్నది, తెడ్డు కడిగి ఆమె చేతిలో పెట్టింది, ఇగ నువ్వే ఒండు అంది. మళ్లీ పొయ్యి దగ్గరికి రాలేదు. తర్వాత పదకొండేళ్లు బతికింది, కోడలు పెట్టింది తిన్నది, బాగుందనలేదు, బాగాలేదనలేదు. అది కోపమో, మోకాళ్ల నొప్పో, ముత్తమ్మ అడగలేదు. గెలిచాననుకుంది. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో అట్లాంటి గటక ఎవరూ వండలేదు, కావాలని ఎవరూ అడగలేదు, తల్లి వంట మూతపడిన రోజు కూడా మట్టయ్య తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, డ్యూటీకి పోయాడు. ఇంతసేపూ ఆమె తప్పులని లెక్కపెట్టినవి తప్పులు కావు. వరుసలో ఒక్కటి కూడా పోలేదు. ఫోన్లో చూసి నేర్చుకునేది కాదిది, ఇది ఏ ఫోన్లోనూ ఉండదు.

చెమట పట్టిన మనిషిని చూడాలనిపించింది. లేచి వంటింట్లోకి పోలేదు. కూర్చునే ఉంది.

ఒంటి గంటా రెండు నిమిషాలకు అరుణజ్యోతి చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. తల్లి ఒళ్లో చీరలు చూసింది. మట్టయ్య చొక్కా తొడుక్కుని మూడు పళ్లేలు కింద పెట్టాడు, మూత తీశాడు, తడిగుడ్డ ఒక కొసతో పట్టుకుని ఎత్తాడు. గటక మీద మీగడలా పొర కట్టి ఉంది. పక్కన ఎల్లిగడ్డ కారం, కోసిన ఉల్లిగడ్డ. ముత్తమ్మకు చెంచా ఇచ్చాడు. గటక చెంచాతో తినడం ఆమెకు ఇదే మొదటిసారి. పులుపు గొంతులో ఆగుతుందని చూసింది, ఆగలేదు. నలభై మూడేళ్ల కింద ఆగింది, ఇప్పుడు ఆగలేదు, రవ్వ పంటి కింద విడివిడిగా తగిలింది, వాము చివర్న వచ్చింది. తన తల్లి గటక కంటే బాగుందని చెప్పలేదు, దానికంటే తక్కువని కూడా చెప్పలేదు.

పిల్ల మూడు ముద్దలు తిన్నది.

"ఇది అమ్మ గటక కాదు."

"కాదు" అన్నాడు మట్టయ్య.

"అమ్మా, నువ్వేమన్న చెప్పినవా?"

"ఒక్కసారి దగ్గిన."

"దగ్గింది, నేను ఇననట్టు చేసిన" అన్నాడు మట్టయ్య. పిల్ల నవ్వింది, నవ్వుతూనే ఇంకో ముద్ద తీసుకుని, ఎవరు నేర్పారు నాయినా అని అడిగింది. మట్టయ్య ఉల్లిగడ్డ కొరికాడు. వాళ్లమ్మ నాట్లకు పోయేదట, తమ్ముళ్లు ఇద్దరు, చెల్లె, తనకు తొమ్మిదేళ్లు, ఆమె పొద్దునే పిండి రవ్వ జల్లించి పెట్టి పోతే అతను వండేవాడట, పద్నాలుగేళ్లు వచ్చేదాకా. ఆ మాటలు అతను గోడకేసి చూస్తూ చెప్పాడు, టైం టేబుల్ చెప్పినట్టు, పదిహేను సెకన్లలో అయిపోయింది. ముత్తమ్మ చెంచా పళ్లెంలో పెట్టింది.

"ఇన్నేండ్లు చెప్పలె."

"నువ్వు అడగలె. నేను చెప్తే మీ అత్తాకోడండ్లకు పంచాయితి అయితుండె. నా బుక్క నాకు దొరుకుతుండెనా?"

అరుణజ్యోతి పళ్లెం ఖాళీ చేసి చేయి కడుక్కుని వచ్చింది. మంచం మీది చీరలు తీసుకుని అలమరలో పెట్టేసింది. ప్రతి ఆదివారం వచ్చి తింటానని, ఒక్క ఆదివారం కుదరకపోయినా తల్లిని తీసుకుపోతానని చెప్పింది. మట్టయ్య సరే అన్నాడు. పిల్ల నడుం వాల్చింది, రెండు నిమిషాల్లో నిద్రపోయింది, ఇంట్లో ఉన్నప్పుడు కూడా అలాగే నిద్రపోయేది, తిన్న వెంటనే.

కింద ఇద్దరే మిగిలారు. ముత్తమ్మ పళ్లెంలో రెండు చెంచాల గటక ఉంది. ఆరు వారాలు ఎక్కడ ఉంటుందో తేలిపోయింది, ఆ తర్వాతి సంగతి మిగిలింది. గొంతు తగ్గించి అడిగింది.

"కట్టు ఇప్పినంక ఎవరి తీరుగ ఒండాలె?"

మట్టయ్య గిన్నె వంచి అడుగున ఎంత ఉందో చూశాడు.

"ఎవరు ఒండితే ఆళ్ల తీరుగ."

ఆమె ఆలోచించింది. కిష్టమ్మ తెడ్డు కడిగి ఇచ్చిన రోజు తాను ఒక్క మాట అడిగి ఉంటే ఆ పదకొండేళ్లు వారంలో రెండు రోజులైనా ఈ వాసన ఆ గదిలో ఉండేది.

"అయితే సోమవారం, గురువారం నువ్వే ఒండు."

అతను అడుగున అంటుకున్నదాన్ని తెడ్డుతో గీకి, సగం ఆమె పళ్లెంలో వేశాడు, సగం తను వేసుకున్నాడు.